బుధవారం పన్నెండున్నర

బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నర అయిందని తెలుసుకోవడానికి మా ఫ్లోర్‌లో ఎవరూ గడియారం చూడాల్సిన పని ఉండేది కాదు. ఒక్కో లాప్‌టాప్ ఫ్యానూ లేచేది. ముందు మూలనున్న టెస్టింగ్ వాళ్ళవి, తర్వాత మావి. ఐదు నిమిషాలు తిరిగేసరికి పిండిమర పక్కన కూర్చున్నట్టుండేది. మౌస్ కదిపితే బాణం గుర్తు కదిలేది గానీ దాని వెనకాల ఏదీ కదిలేది కాదు. ఎవడో ఒకడు "వచ్చిందిరా బాబూ" అనేవాడు, ఇంకొకడు కుర్చీ వెనక్కి నెట్టి టీకి లేచేవాడు. వచ్చింది వైరస్ కాదండోయ్, వైరస్‌ని వెతికే స్కాను. వారానికొకసారి, ప్రతి మెషీన్లోనూ, సి డ్రైవ్ మొదలు నుంచి డి డ్రైవ్ చివరిదాకా ఫుల్ స్కాను.

ఇది 2023లో సంగతి. రాద్దామని చాలాకాలంగా అనుకుంటూనే ఉన్నాను. రాయకపోవడానికి బద్ధకం ఒక కారణం (అది నాకు ఎప్పుడూ ఉండేదే). ఇంకో కారణం, ఈ కథలో నా పాత్ర నలుగురికీ చెప్పుకునేలా లేకపోవడం.

ముందు స్కాను సంగతి చూద్దాం. రోజూ కంప్యూటర్ల మీదే బతికే మనలో చాలామందికి (నాతో సహా) ఇది సరిగ్గా తెలీదని నా అనుమానం.

యాంటీవైరస్ రెండు ఉద్యోగాలు చేస్తుంది. మొదటిది చెక్‌పోస్ట్ ఉద్యోగం. మనం ఏ ఫైలు తెరిచినా, సేవ్ చేసినా, డౌన్‌లోడ్ చేసినా అక్కడికక్కడ ఆపి, చూసి పంపిస్తుంది. దాన్నే రియల్ టైమ్ ప్రొటెక్షన్ అంటారు. రెండోది మన హైదరాబాద్ పోలీసులు బస్తీల్లో చేసే కార్డన్ సెర్చ్ లాంటిది. వీధి రెండు చివరలా మూసేసి, ఇంటింటికీ తలుపు కొట్టి, బండి కాగితాలు చూపించు, ఆధార్ చూపించు అంటారే, అది. షెడ్యూల్డ్ స్కాన్ అంటే ఇంతే. ఎవరి మీదా ప్రత్యేకంగా అనుమానం లేకపోయినా అందరి తలుపూ కొట్టడం.

చెక్‌పోస్ట్ ఇరవైనాలుగు గంటలూ ఉండగా మళ్ళీ ఈ ఇంటింటి సోదా దేనికి? నేనూ ఇదే అడిగేవాణ్ణి, అదీ ఎంతో తెలివైన ప్రశ్న వేసినట్టు మొహం పెట్టి. జవాబు చాలా మామూలుది. సోమవారం ఒక ఫైలు దిగిందనుకోండి. ఆ రోజుకి దాని గురించి ఏ యాంటీవైరస్ కంపెనీకీ తెలీదు, కాబట్టి చెక్‌పోస్ట్‌లో సలాం కొట్టి వదిలేశారు. గురువారానికి దాని ఆనవాళ్ళు అప్‌డేట్‌లో వచ్చాయి. కానీ ఈలోగా ఆ ఫైలుని ఎవరూ తెరవలేదు, కదపలేదు. ఎవరూ ముట్టుకోని ఫైలు మళ్ళీ చెక్‌పోస్ట్ దగ్గరికి ఎందుకొస్తుంది? అలా మూల పడుకున్నదాన్ని లేపి మొహం చూసేది ఈ వారం వారం స్కానే.

మరి మన డెవలపర్ల మెషీన్లకే అంత నీరసం ఎందుకు? మాది జావా ప్రాజెక్టు. జార్ ఫైలంటే నిజానికి జిప్ ఫైలే. స్కానర్ దాన్ని పైనుంచి చూసి వదలదు, విప్పి లోపలున్న ప్రతి ముక్కా చూస్తుంది. మేవెన్ వాడు మన లోకల్ రిపాజిటరీలో దింపిపెట్టిన జార్లన్నీ విప్పాలి. ఒకే లైబ్రరీవి నాలుగు వెర్షన్లుంటే నాలుగూ విప్పాలి. పక్కన ఫ్రంట్ ఎండ్ వాళ్ళ నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరుంటే ఇంక చెప్పక్కర్లేదు, ఇసుక రేణువుల్లాంటి ఫైళ్ళు వేలకి వేలు. అకౌంట్స్ సెక్షన్‌లో ఎక్సెల్ షీట్లున్న మెషీన్‌కీ మన మెషీన్‌కీ ఒకటే స్కాను, కానీ అక్కడ పట్టే టైమూ ఇక్కడ పట్టే టైమూ ఒకటి కాదు.

మామూలు రోజు నాలుగు నిమిషాల్లో అయ్యే మా బిల్డు బుధవారం మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పట్టేది. అసలు చిక్కేమిటంటే సాయంత్రం ఆరున్నరకి క్లయింటుకి డెమో. ప్రతి బుధవారం. ఆఖరి నిమిషం సవరణలన్నీ మధ్యాహ్నమే చెయ్యాలి. లంచ్ టైములో జనం ఉండరు కదా అని సిస్టమ్స్ వాళ్ళు పన్నెండున్నర ముహూర్తం పెట్టారు. వాళ్ళ లెక్క తప్పు కాదు. మెషీన్ ఆన్‌లో ఉంటుంది, నెట్‌వర్క్ మీద ఉంటుంది, మనిషి క్యాంటీన్‌లో ఉంటాడు. కాకపోతే బుధవారం నాడు మేం క్యాంటీన్‌కి వెళ్ళేది మూడింటికి. ఆ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

నాకు వైరస్‌లంటే లెక్కలేకపోవడం కాదు సుమా. బీటెక్ రోజుల్లో ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో పెన్ డ్రైవ్ పెట్టి తీస్తే, లోపలున్న ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి కూర్చునేవి. ఆ షాపాయన "అది మామూలే బాబూ, రూమ్‌కెళ్ళి ఫార్మాట్ కొట్టెయ్యి" అనేవాడు, పది రూపాయలు మాత్రం తీసుకునేవాడు. 2017 మే నెలలో వాన్నాక్రై వచ్చినప్పుడు నేను ఇంకా చదువుకుంటున్నాను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని పేపర్లో చదివి హాస్టల్లో తెగ చర్చించుకున్నాం. మైక్రోసాఫ్ట్ ఆ కంత మూసే ప్యాచ్‌ని మార్చి నెలలోనే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. రీస్టార్ట్ అడుగుతుందని, పని ఆగిపోతుందని "తర్వాత" అని నొక్కినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. "ఇంత నిర్లక్ష్యమేంట్రా" అని ఆ రోజు ఆశ్చర్యపోయిన మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి.

ఇక అసలు కథ.

మా ఫ్లోర్‌కి ఐటీ సపోర్ట్ చూసే కుర్రాడు ఒకడుండేవాడు. సూర్యాపేట వైపు వాడు. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సు చేసి, ఒక వెండర్ పేరోల్ మీద మా ఆఫీసుకొచ్చాడు. మా దగ్గర పర్మనెంటు వాళ్ళ మెడలో ట్యాగు నీలం, కాంట్రాక్టు వాళ్ళది పసుపు. సెక్యూరిటీ గార్డు దూరం నుంచే రంగు చూసి, బ్యాగు తెరిపించాలో లేదో నిర్ణయించుకునేవాడు. ఇతనిది పసుపు.

మంచి కుర్రాడు. పిలిస్తే పలికేవాడు. స్క్రిప్టులు రాయడం నేర్చుకుంటానంటే సాయంత్రాలు కొన్ని రోజులు కూర్చోబెట్టి నేర్పాను. క్లౌడ్ సర్టిఫికేషన్‌కి చదువుకుంటుంటే నా దగ్గరున్న మెటీరియల్ ఇచ్చాను. నన్ను "అన్నా" అనేవాడు. ఆ అన్నరికాన్ని నేను ఎక్కడ వాడుకున్నానో చెప్తాను.

ఒకరోజు కింద టీ బండి దగ్గర అడిగాను.

"తమ్ముడూ, ఆ స్కాను టైము మార్చకూడదూ? రాత్రి రెండింటికి పెట్టెయ్, ఎవడికీ బాధుండదు."

"గట్ల పెడ్తే నడ్వదన్నా. రాత్రి మీ లాప్‌టాపులు బ్యాగుల్లనే ఉంటయి గద. ఇంక స్కానెట్ల అయితది?"

"నేను చాలా రాత్రులు ఆన్‌లోనే ఉంచుతాలే. మా వాళ్ళు కూడా." (పచ్చి అబద్ధం.)

"అట్లయితే టికెట్ పెట్టరాదన్నా. మా లీడ్‌కి పోతది, ఆయన అప్రూవ్ చేస్తే రెండు నిమిషాల పని."

"టికెట్ పెడితే మీ లీడ్ వద్దంటాడు. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

నవ్వాడు. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

మర్నాటికి మా టీమ్‌లోని పదకొండు మెషీన్లు యాంటీవైరస్ కన్సోల్‌లో వేరే గ్రూపులోకి వెళ్ళిపోయాయి. ఫుల్ స్కాను ఆదివారం రాత్రి రెండింటికి. మిస్సయితే మర్నాడు లాగిన్ అవ్వగానే మొదలుపెట్టే సెట్టింగ్ ఒకటుంటుంది, క్యాచప్ స్కాన్ అంటారు. సోమవారం పొద్దున్నే అది మొదలవుతుందని అదీ తీయించాను. ఇంకా ఆశ చావక, డి డ్రైవ్‌లో మా ప్రాజెక్టులుండే ఫోల్డర్ మొత్తాన్ని స్కాను నుంచి మినహాయించమన్నాను. ఎక్స్‌క్లూజన్ లిస్టులో ఒక్క లైను. అదీ చేశాడు.

ఆ తర్వాత ఐదు నెలలు బుధవారాలు స్వర్గంలా గడిచాయి. పక్క టీముల ఫ్యాన్లు లేస్తుంటే మావి చల్లగా కూర్చునేవి. "మీకేంటి బాస్, స్పెషల్ మెషీన్లా" అని అడిగితే చిద్విలాసంగా నవ్వేవాణ్ణి. రాత్రి రెండింటికి నా లాప్‌టాప్ మూతేసి, బ్యాగులో, షూ ర్యాక్ పక్కన ఉండేది. మా పదకొండు మందిలో ఒక్కరిది కూడా ఆ వేళప్పుడు ఆన్‌లో ఉండదని నాకు తెలీదంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను.

ఆ ఏడాది చివర్లో క్లయింటు తరఫున సెక్యూరిటీ రివ్యూకొచ్చారు. పెద్ద హడావుడేమీ లేదు, ఒక ఎక్సెల్ షీటు అడిగారు. మెషీన్ పేరు, వాడేవాళ్ళ పేరు, యాంటీవైరస్ ఆఖరిసారి అప్‌డేట్ అయిన తేదీ, ఆఖరి ఫుల్ స్కాను తేదీ. ఫ్లోరంతా పచ్చగా ఉంది. పదకొండు వరసలు మాత్రం ఎర్రగా. అప్‌డేట్లు ఏ రోజుకారోజు వస్తూనే ఉన్నాయి, ఆఖరి స్కాను మాత్రం ఐదు నెలల కిందటిది.

ఆ మధ్యాహ్నమే మినహాయింపులన్నీ తీసేసి పదకొండు మెషీన్లకీ చేత్తో స్కాను పెట్టారు. పదింటిలో ఏమీ లేదు. పదకొండోదాంట్లో, మా ప్రాజెక్టుల ఫోల్డర్లోనే, "టూల్స్" అనే సబ్ ఫోల్డర్లో దొరికింది. ఉచితంగా దొరికే స్క్రీన్ రికార్డర్ ఇన్‌స్టాలరు. పేరు రికార్డర్, స్కానర్ పెట్టిన పేరు ట్రోజన్. డెమో వీడియో చెయ్యడానికి లైసెన్సున్న టూలు అడిగితే రావడం ఆలస్యమైందని, మా టీమ్ కుర్రాడొకడు నెట్‌లో వెతికి దింపుకున్నాడు, సరాసరి ఆ ఫోల్డర్లోకే.

ఇక్కడ నాకు తెలియని విషయం ఒకటి బయటపడింది. ఒక ఫోల్డర్ని ఎక్స్‌క్లూజన్‌లో పెడితే వారం వారం సోదా నుంచి మాత్రమే మినహాయింపు అనుకున్నాను. కాదు. మామూలుగా అది చెక్‌పోస్ట్‌కి కూడా వర్తిస్తుంది. అంటే ఆ ఫైలు దిగిన రోజునే పట్టుబడే అవకాశం ఉన్నా, నేను అడిగి పెట్టించిన ఆ ఒక్క లైను వల్ల దాన్ని ఎవరూ చూడలేదు. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి, అప్పటికి మరో నాలుగేళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి, పెట్టించే ముందు ఒక పేజీ చదివిన పాపాన పోలేదు.

అది దింపిన కుర్రాడు ఒక్కసారి రన్ చేశానన్నాడు, "పనిచెయ్యలేదు, వదిలేశా" అన్నాడు. దాని అసలు పని అది వెనకాల చేసుకుందో లేదో తేలలేదు. మా దగ్గర లాగులు దాచేది తొంభై రోజులే, వాడు రన్ చేసింది అంతకు ముందు. తెలీదు కాబట్టి జరిగిందనే అనుకోవాలన్నారు. పదకొండు మంది పాస్‌వర్డులూ మార్చారు, రెండు రోజులు క్లయింటు సర్వర్లకి యాక్సెస్ ఆపేశారు, ఆ ఒక్క మెషీన్ని సీలేసి తీసుకెళ్ళారు.

మర్నాడు పొద్దున్న కాన్ఫరెన్స్ రూములో మీటింగు. మా మేనేజరు, సిస్టమ్స్ లీడ్, వెండర్ తరఫు కోఆర్డినేటరు, టీమ్‌లో సీనియర్ని కాబట్టి నేను. ఖాళీ కుర్చీలున్నాయి, అయినా ఆ కుర్రాడు నిలబడే ఉన్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

"ఎవరు చెప్తే చేశావు?" అన్నాడు సిస్టమ్స్ లీడ్.

కుర్రాడు నా వైపు చూడలేదు. టేబుల్ మీదున్న నీళ్ళ బాటిల్ వైపు చూస్తూ, "నేనే చేసిన సార్. బుధవారం కంప్లైంట్లు మస్తు వస్తున్నయని" అన్నాడు.

"టికెట్ ఏది?"

"లేదు సార్."

నా లాప్‌టాప్ తెరిచే ఉంది. నేను ఒక మెయిలు తెరిచి చదువుతున్నట్టు కూర్చున్నాను. అది క్యాంటీన్ మెనూ మెయిలు. ఇప్పటికీ గుర్తుంది, గురువారం పులిహోర. నాలుగైదు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. నోరు తెరవాలంటే అప్పుడే తెరవాలి. వచ్చే నెలలో అప్రైజల్. ఆ ఆలోచన ఆ నాలుగైదు సెకన్లలోనే వచ్చింది, దాన్ని వేరే ఏదో అని సర్దిచెప్పుకోవడం నాకు చేతకాదు. ఆ తర్వాత లీడ్ "సరే, నెక్స్ట్ స్టెప్స్ చూద్దాం" అన్నాడు. మాట ఇంకెక్కడికో వెళ్ళిపోయింది.

సాయంత్రం ఏడింటికి మెయిలు రాశాను. మేనేజరుకీ, సిస్టమ్స్ లీడ్‌కీ. టైము మార్చమన్నది నేనేనని, మినహాయింపు అడిగింది నేనేనని, టికెట్ వద్దన్నది కూడా నేనేనని. మర్నాడు మేనేజరు పిలిచి, "చెప్పావు, బాగుంది. కానీ కన్సోల్ యాక్సెస్ ఉన్నది అతనికి, మార్చింది అతను. ప్రాసెస్ ప్రకారం బాధ్యత అతనిదే. ఇక్కడితో వదిలెయ్" అన్నాడు. చెడ్డవాడేం కాదాయన. ఆయన లెక్కలో అది నన్ను కాపాడటం.

అప్పటికే వెండర్‌కి చెప్పేశారు. శుక్రవారం నాడు పసుపు ట్యాగు రిసెప్షన్లో ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఉప్పల్ దగ్గర ఇంకో ఆఫీసులో వేశారు, నైట్ షిఫ్టు. నా అప్రైజల్ ఎప్పటిలాగే వచ్చింది. మా టీమ్‌కి బుధవారం పన్నెండున్నర స్కాను కూడా తిరిగొచ్చింది.

ఆ తర్వాత కూర్చుని చదివాను, ముందే చదవాల్సినవన్నీ. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌లో కూడా షెడ్యూల్డ్ స్కానుకి ఎవరూ ఏ టైమూ పెట్టకపోతే ఉండే టైము తెల్లవారుజామున రెండే. ఇది డెస్క్‌టాప్‌ల కాలం నాటి అలవాటని నాకనిపిస్తుంది. మా సీనియర్లు చెప్తుంటారు, ఆ రోజుల్లో సిస్టమ్స్ వాళ్ళ నుంచి "శుక్రవారం షట్‌డౌన్ చెయ్యకండి, లాగాఫ్ చేసి వెళ్ళండి" అని ఒక మెయిలు, అడ్మిన్ వాళ్ళ నుంచి "కరెంటు పొదుపు చెయ్యండి, సిస్టమ్ ఆపి వెళ్ళండి" అని ఇంకో మెయిలు వచ్చేవిట :) అప్పుడు మెషీన్ ఆఫీసులోనే ఉండేది కాబట్టి ఏదో ఒక మెయిలు గెలిచేది. ఇప్పుడు మెషీన్ మనతో మెట్రో ఎక్కి ఇంటికొస్తోంది. లాప్‌టాప్‌కి రాత్రి రెండింటికి స్కాను పెట్టడం అంటే, నా దృష్టిలో, స్కాను వద్దని మర్యాదగా చెప్పడం.

పగలు పెట్టాలి. కాకపోతే పగలు పెట్టే పద్ధతులున్నాయి. మనిషి వాడనప్పుడు మాత్రమే మొదలుపెట్టమనొచ్చు. సీపీయూ ఇంతకంటే వాడొద్దని చెప్పొచ్చు, డిఫెండర్‌లో ఎవరూ మార్చకపోతే అది 50 శాతం (అది సగటు మీద చూసుకునే లెక్క, గీత గీసినట్టు ఆగదు). అందరికీ ఒకే నిమిషంలో కాకుండా కొన్ని గంటల్లో చెదరగొట్టొచ్చు. వర్చువల్ మెషీన్లున్న చోట ఇది మరీ ముఖ్యం, ఒకే సర్వర్ మీదున్న మెషీన్లన్నీ ఒక్కసారి స్కాను మొదలుపెడితే డిస్కు కూలబడుతుంది. వరసగా రెండు స్కాన్లు తప్పిపోతే లాగిన్ అవ్వగానే మొదలయ్యేలా పెట్టొచ్చు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది, చెక్‌పోస్ట్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే మామూలుగా క్విక్ స్కాను చాలు, ఫుల్ స్కాను పదేపదే అక్కర్లేదని మైక్రోసాఫ్ట్ వాడే రాసిపెట్టడం. క్విక్ స్కాను అంటే వైరస్‌లు సాధారణంగా కాపురం పెట్టే చోట్లు చూసి వచ్చేయడం, మెమరీ, స్టార్టప్, కొన్ని సిస్టమ్ ఫోల్డర్లు.

మరి ప్రతి ఆఫీసులోనూ వారానికో ఫుల్ స్కాను ఎందుకు? చాలాచోట్ల కాంట్రాక్టులో ఎప్పుడో రాసుకున్నారు కాబట్టి. చెక్‌లిస్టులో గడి ఉంది కాబట్టి. ఆడిటర్‌కి తేదీ చూపించాలి కాబట్టి. కార్డుల కంపెనీలు పెట్టుకున్న పీసీఐ డీఎస్ఎస్ నియమాలు సైతం నాలుగో వెర్షన్లో కొంచెం సడలాయి. అప్పుడప్పుడూ చేసే స్కాను ప్లస్ రియల్ టైమ్ అయినా సరే, లేదా నిరంతరం ప్రవర్తనని గమనించే పద్ధతైనా సరే అంటున్నాయి. అంటే నేను అడగాల్సిన ప్రశ్న అడగడానికి అవకాశం ఉందన్నమాట, మర్యాదగా, కాగితం మీద. నాది సరైన విసుగే. దాన్ని టీ బండి దగ్గర తీర్చుకున్నాను.

కుర్రాడికి ఫోన్ చెయ్యడానికి నాకు చాలా నెలలు పట్టింది. చేసింది 2024 జూలైలో. 19వ తేదీ శుక్రవారం గుర్తుందిగా, ఒక పేరున్న సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా కంప్యూటర్లు నీలి తెరలతో కూలబడ్డాయి. 85 లక్షల విండోస్ మెషీన్లని మైక్రోసాఫ్ట్ అంచనా. మన శంషాబాద్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో అందరికీ ఫార్వర్డ్ అయింది. మా ఆఫీసులో వేరే సాఫ్ట్‌వేర్, కాబట్టి మేం నవ్వుకుంటూ మీమ్స్ పంపుకున్నాం. కాపాడాల్సినవాడే తన్నడం కొత్తేమీ కాదు, 2010 ఏప్రిల్లో మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని సొంత సిస్టమ్ ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుంది. ఆ రోజు సాయంత్రం ఎందుకో ఇతను గుర్తొచ్చాడు. శనివారం చేశాను.

ఎత్తాడు. రాత్రంతా పనిలో ఉన్నాడట. ఒక్కో మెషీన్ దగ్గరికి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో లేపి, ఒక ఫైలు తీసేసి, మళ్ళీ రీస్టార్ట్. దానికి ముందు బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టాలి, 48 అంకెలు. "నలభై మెషీన్లయినయన్నా. కండ్లు మూస్తే అంకెలే కన్పిస్తున్నయ్" అన్నాడు. గొంతులో విసుగు లేదు.

కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "ఆ రోజు మీటింగులో నేను మాట్లాడాల్సింది" అన్నాను.

"ఇడ్సిపెట్టన్నా. అయిపోయింది గద."

ఫోను పెట్టేస్తాడేమో అనుకున్నాను. పెట్టలేదు.

"ఒక్కటి అడుగుతా అన్నా, ఏమనుకోకు. గా రోజు టికెట్ ఎందుకు పెట్టలే?"

"మీ లీడ్ రిజెక్ట్ చేస్తాడని."

"చేస్తే చేసెటోడు. నాకు కాగితమన్న ఉంటుండె."

దానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాత సర్టిఫికేషన్ సంగతి అడిగాను. పరీక్ష ఫీజు కట్టాడట, నైట్ షిఫ్టు వల్ల చదవడం కుదరట్లేదన్నాడు. ఇంకో విషయం కూడా చెప్పాడు. కొత్త చోట స్కాను టైము పెట్టే పని ఇతనికే ఇచ్చారట. పెట్టే ముందు ప్రతి టీమ్ దగ్గరికీ పోయి, "మీకు ఏ దినం ఎక్కువ పని ఉంటది" అని అడిగి రాసుకున్నాడట. ఒక టీమ్ వాళ్ళు నెలాఖరు మూడు రోజులు వద్దన్నారు, ఒకాయన అసలు వద్దన్నాడు. అసలు వద్దన్నాయన చేత మెయిలు రాయించుకున్నాడట.

ఆ సోమవారం నేను మా సిస్టమ్స్ లీడ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు అనుమానంగానే చూశాడు. చూడడూ మరి? రెండు వారాలు పట్టింది. రోజూ క్విక్ స్కాను, ఎవరూ వాడనప్పుడు. ఫుల్ స్కాను వారానికొకటి ఉండాల్సిందే, కాంట్రాక్టు మారేదాకా తప్పదు, కానీ ఫ్లోర్‌ని నాలుగు ముక్కలు చేసి నాలుగు రోజులకి పంచారు, ఏ రోజు స్కానైనా నాలుగు గంటల్లో చెదురుగా మొదలవుతుంది. డెమో రోజున మాకు లేదు, మాది గురువారం. తప్పిపోతే లాగిన్ కాగానే మొదలవుతుంది, దాన్ని ఎవరూ తీయించడానికి లేదు. మినహాయింపు కావాలంటే టికెట్, కారణం, మేనేజరు అప్రూవల్, తొంభై రోజుల గడువు. ప్రాజెక్టుల ఫోల్డర్ మొత్తం అంటే ఇవ్వరు. కంపైలర్ రాసే అవుట్‌పుట్ ఫోల్డరు మాత్రం ఇచ్చారు, డౌన్‌లోడ్లు అందులో పెట్టమని ప్రమాణం చేయించుకుని.

బిల్డు ఇప్పుడు గురువారాల్లో తొమ్మిది, పది నిమిషాలు పడుతోంది. మిగతా రోజుల్లో నాలుగే. టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న వచ్చి, "గురువారం మెషీన్ స్లో అవుతోంది, సపోర్ట్ వాళ్ళలో మీకెవరైనా తెలుసా?" అని అడిగింది. టికెట్ ఎక్కడ పెట్టాలో చూపించాను. కుర్రాడి సంగతి చెప్దామనుకున్నాను గానీ అప్పుడే కాల్ మొదలైంది.

నా మినహాయింపు టికెట్ గడువు వచ్చే నెల 9వ తేదీతో అయిపోతుంది. క్యాలెండర్లో పెట్టుకున్నాను, మళ్ళీ కారణం రాయాలి.